ఒక్కొక్కరికి 33 తూటాలు

"యుద్ధం తప్పయితే ఆ తప్పు రాజులది. సైనికుడేం చేస్తాడు పాపం?" ఈ మాట టీవీ చర్చల్లో వినిపిస్తుంది, పెళ్ళి భోజనాల దగ్గరా వినిపిస్తుంది. అది ఒక వాదన అని, దానికి ఎదురువాదన ఉండొచ్చని కూడా మనకు తోచదు. భీష్ముడి కాలం నుంచి అలవాటైపోయిన లెక్క ఇది. కౌరవుల పక్షాన ధర్మం లేదని ఆయనకు తెలుసు. యుద్ధానికి ముందు ధర్మరాజు వచ్చి మొక్కితే, వాళ్ళ సొమ్ము తిని కట్టుబడిపోయానని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, ఆ తర్వాత పది రోజుల పాటు పాండవ సేనను ఊచకోత కోశాడు. మనం ఏటా మాఘమాసంలో ఆయన పేరిట ఏకాదశి చేసుకుంటాం.

భీష్ముడి మీద నాకు కోపమేమీ లేదు. కానీ ఉప్పు తిన్న విశ్వాసాన్ని తీసుకెళ్ళి గౌరవం ఖాతాలో వేసే పద్ధతి మీద మాత్రం అనుమానం చాలాకాలంగా ఉంది. అన్యాయమైన పనికి పోరాడిన సైనికుడు ధైర్యవంతుడు కావచ్చు, నమ్మకస్తుడు కావచ్చు, జాలిపడాల్సినవాడూ కావచ్చు. గౌరవనీయుడేనా? పురాణంలో ఈ ప్రశ్న వేస్తే శాపాలూ వరాలూ అడ్డొస్తాయి. అందుకే మనకు దగ్గరగా ఉన్న ఒక సాయంత్రానికి వెళ్తాను.

1919 ఏప్రిల్ 13, అమృత్‌సర్. జలియన్‌వాలాబాగ్ గురించి మనందరం బళ్ళో చదువుకున్నాం. డయ్యర్ పేరు ఎవర్నడిగినా చెప్తారు. డయ్యర్ ఒక్కడే కాల్చలేదు కదా! అసలు ఆయన చేతిలోంచి ఒక్క తూటా కూడా పేల్చినట్టు చరిత్రలో లేదు. ఆయన వెంట వచ్చినవాళ్ళు 90 మంది. వాళ్ళలో 50 మంది దగ్గర రైఫిళ్ళు, 40 మంది గూర్ఖాల దగ్గర కుక్రీలనే వంపు కత్తులు మాత్రమే ఉన్నాయి. మెషిన్‌గన్లు బిగించిన రెండు బండ్లు కూడా వచ్చాయి గానీ సందు ఇరుకు కావడంతో బయటే ఆగిపోయాయి. అవి లోపలికి పట్టి ఉంటే వాటినీ వాడేవాణ్ణేమో అని డయ్యర్ తర్వాత ఈ ఘటనను విచారించిన హంటర్ కమిటీ ముందు చెప్పాడు. హెచ్చరిక లేదు. దాదాపు పది నిమిషాల్లో 1650 తూటాలు కాల్చారు. ప్రభుత్వ లెక్కలో 379 మంది చనిపోయారు. కాంగ్రెస్ విచారణ లెక్క వెయ్యికి దగ్గర.

1650ని 50తో భాగిస్తే 33 వస్తుంది. సగటున ఒక్కో సైనికుడు 33 సార్లు కాల్చాడు.

ఆ రోజుల్లో ఆ సైన్యం వాడిన .303 రైఫిల్, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే ధారగా పేలే తుపాకీ కాదు. ఒక తూటా కాల్చాక బోల్టు పైకెత్తి వెనక్కి లాగాలి. ఖాళీ తొడుగు ఎగిరి పక్కన పడుతుంది. బోల్టు ముందుకు తోసి కిందికి మడవాలి. మళ్ళీ భుజానికి ఆనించుకుని గురి చూడాలి. ఎదురుగా ఎవరో ఒకరు కనిపిస్తారు: గోడెక్కడానికి ఎగబడుతున్నవాడు, బిడ్డను ఎత్తుకుని పరిగెడుతున్న మనిషి, కిందపడ్డవాడు. అప్పుడు మళ్ళీ ట్రిగ్గర్. మేగజైన్‌లో పట్టేవి పది. 33 కాల్చాలంటే మధ్యలో కనీసం మూడుసార్లు ఆగి, తూటాలు తీసి, మేగజైన్ నింపుకోవాలి. జనం ఎక్కడ గుంపుగా ఉంటే అక్కడికి గురి మార్చమని ఆజ్ఞ. మార్చారు.

ఆ కాల్చినవాళ్ళలో గూర్ఖాలున్నారు, సిక్కు రెజిమెంటు వాళ్ళున్నారు, సింధ్ రైఫిల్స్ వాళ్ళున్నారు. అప్పుడు పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నరుగా ఉన్న ఓడ్వయర్‌ని ఉధమ్ సింగ్ 1940లో లండన్‌లో వెతికి కాల్చాడు. ఈ యాభై మంది కోసం ఎవరూ వెతకలేదు. వెతకాలని నేననడం లేదు. వాళ్ళు రాక్షసులని కూడా అనను. ఊళ్ళో కరువు, ఇంట్లో అప్పు, పల్టన్‌లో చేరితే నెలజీతం, చచ్చిపోతే ఇంటికి పింఛను. అక్కడి నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. కానీ "పాపం ఆజ్ఞ వచ్చింది, ఏం చేస్తారు" అని ఊరుకున్నప్పుడల్లా నాకు ఆ బోల్టు శబ్దమే అడ్డొస్తుంది. ఆజ్ఞ ఇచ్చింది ఒక్కడు. వాళ్ళు కాల్చింది 33 సార్లు. ఒక్కడైనా నాలుగో తూటా దగ్గర గాల్లోకి పేల్చాడా? తొమ్మిదో తూటా దగ్గర తుపాకీ మొరాయించినట్టు నటించాడా? పేల్చి ఉంటే, నటించి ఉంటే, ఆ పేరు తెలియని వాడికి నేను దణ్ణం పెడతాను. మిగతావాళ్ళ మీద జాలి ఉంది. అంతవరకే.

"వేరే దారి లేదు కదా" అనేవాళ్ళకు జవాబు పదకొండేళ్ళ తర్వాత పెషావర్‌లో దొరికింది.

1930 ఏప్రిల్ 23. అబ్దుల్ గఫార్ ఖాన్‌నూ ఇతర నాయకులనూ అరెస్టు చేసినందుకు కిస్సా ఖ్వానీ బజారులో జనం పోగయ్యారు. నిరాయుధులు. అక్కడికి దింపిన పటాలాల్లో రాయల్ గఢ్వాల్ రైఫిల్స్ రెండో బెటాలియన్ ఒకటి. గఢ్వాలీలు హిందువులు, ఎదుట ఉన్న పఠాన్లు ముస్లింలు. కాల్చడానికి చెయ్యి వణకదులే అన్నది దొరల అంచనా. ఆ రెజిమెంటు మామూలుది కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో రెండు విక్టోరియా క్రాస్‌లు తెచ్చుకుంది, పేరు ముందు 'రాయల్' అన్న బిరుదు రాజుగారు ఇచ్చిందే. హవల్దార్ చంద్రసింగ్ కూడా ఆ యుద్ధంలో ఫ్రాన్స్‌లోనూ మెసొపొటేమియాలోనూ పోరాడి వచ్చినవాడే. తుపాకీ అంటే భయపడే మనిషి కాదు, యుద్ధమే తప్పనే శాంతివాదీ కాదు.

నిరాయుధుల మీద కాల్చమంటే చంద్రసింగూ అతని సహచరులూ కాల్చలేదు. మర్నాడు మళ్ళీ ఊళ్ళోకి డ్యూటీకి బయల్దేరమంటే బయల్దేరలేదు.

దానివల్ల ఆ రోజు చావులు ఆగాయా అంటే, లేదు. వేరే బలగాలూ సాయుధ శకటాలూ ఆ పని కానిచ్చేశాయి, బజారులో శవాలు లేచాయి. గఢ్వాలీల తిరస్కారం ఫలితాన్ని మార్చలేదు. "నేను మానేస్తే ఇంకొకడు చేస్తాడు, నేనొక్కణ్ణి మానితే ఏం లాభం" అన్న మాటకు ఇంతకంటే గట్టి ఉదాహరణ దొరకదు. అయినా వాళ్ళు చెయ్యలేదు. కోర్టు మార్షల్ జరిగింది. చంద్రసింగ్‌కు యావజ్జీవం, ఆస్తి జప్తు. మిగతావాళ్ళకు రకరకాల జైలుశిక్షలు. ఆయన బయటికొచ్చింది 1941లో.

ఇక్కడ కథ ముగిసి ఉంటే మనకు హాయిగా ఉండేది. తెల్లవాడి అన్యాయం, మనవాడి అంతరాత్మ, జాతీయోద్యమం జేజేలు. అలా జరగలేదు. 1931 మార్చిలో గాంధీ, ఇర్విన్ ఒప్పందం కుదిరింది. సత్యాగ్రహ ఖైదీలను వదిలెయ్యాలన్నారు. ఆజ్ఞ ధిక్కరించిన నేరానికి శిక్షపడ్డ సైనికులకూ పోలీసులకూ మాత్రం ఇది వర్తించదని ఆ ఒప్పందంలోనే స్పష్టంగా రాశారు. గఢ్వాలీలు లోపలే ఉండిపోయారు. ఆ తర్వాత ఒక ఫ్రెంచి విలేకరి ఇదే విషయం గాంధీజీని అడిగాడు. అహింస కోసం పట్టుబట్టే మీరు, జనం మీద కాల్చనన్న సైనికుల పక్షాన ఎందుకు నిలబడలేదని. గాంధీజీ జవాబు సారాంశం ఇది: కాల్చమన్న ఆజ్ఞను ధిక్కరించిన సైనికుడు తన ప్రమాణాన్ని తప్పినట్టే. ధిక్కరించమని నేను చెప్పలేను, ఎందుకంటే రేపు అధికారం మాకొస్తే బహుశా ఈ సైనికులతోనే, ఈ అధికారులతోనే పని చేయించుకోవాలి.

మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. నిదానంగా చూస్తే, ఆయన దాచకుండా చెప్పిన మాట అది. మిగతా పాలకులు మనసులో అనుకునేదాన్ని ఆయన పైకి అన్నాడు. సైనికుడి గౌరవం అంటే విధేయత అని ఎవరు నిర్ణయించారు? సైనికుణ్ణి వాడుకోవాల్సినవాళ్ళు. సామ్రాజ్యానికి అది కావాలి, రేపు రాబోయే స్వతంత్ర ప్రభుత్వానికీ అదే కావాలి. చంద్రసింగ్ ఇద్దరికీ ఇబ్బందే. అందుకే "సైనికుడి ధర్మం ఆజ్ఞ పాటించడమే" అన్న మాటను నేను ధర్మసూత్రంగా ఒప్పుకోను. అది యజమాని తన వీలు కోసం రాసుకున్న పని నిబంధన.

మా పిన్ని భర్త రిటైర్డ్ సుబేదార్. ఈ వాదన ఆయన ముందు పెడితే నవ్వేశారు. "ఒరేయ్, ఆర్డరొచ్చాక నిలబడి ఆలోచించేవాడు తను చస్తాడు, పక్కవాణ్ణి చంపుతాడు. మీ కంప్యూటర్ల దగ్గర కూర్చుని ధర్మం బాగానే చెప్తారు." అందులో నిజం ఉంది. ఏ ఆజ్ఞ పాటించాలో ప్రతి సిపాయీ ఓటు వేసుకునే సైన్యం సైన్యం కాదు. అలాంటి సైన్యాలు ఉన్న దేశాల్లో ప్రభుత్వాలు రాత్రికి రాత్రి మారిపోతుంటాయి. బాబాయ్ మాట నిప్పుల్లాంటి యుద్ధం మధ్యలో సరే. కానీ చుట్టూ గోడలున్న తోటలో పారిపోతున్న జనం మీదకి పదో తూటా ఎక్కించేటప్పుడు ఆలోచిస్తే ఏ పక్కవాడు చస్తాడు? చంద్రసింగ్ తన తుపాకీని అధికారుల మీదికి తిప్పలేదు, కోట పట్టుకోలేదు. కాల్చను, ఏం చేస్తారో చేసుకోండి అన్నాడు, వాళ్ళు చేశారు. తిరగబడటం వేరు, కాల్చనని నిలబడటం వేరు. మన ఆర్మీ చట్టం 41వ సెక్షన్ కూడా శిక్ష వేసేది 'చట్టబద్ధమైన' ఆజ్ఞను ధిక్కరిస్తేనే. ఆ విశేషణం ఎందుకుందో బాబాయ్‌ని అడిగితే, "ఉంటుందిరా, దాన్ని జవాను తేల్చడు, కోర్టు తేలుస్తుంది" అన్నారు. కోర్టు తర్వాత తేలుస్తుంది. తూటా ముందే వెళ్ళిపోతుంది.

ఇక భయం సంగతి. "కాల్చకపోతే వాణ్ణే కాల్చేస్తారు కదా" అన్నది ఈ చర్చలో తురుపు ముక్క. ప్రాణభయం ఉన్నచోట నేను ఎవరికీ నీతులు చెప్పను. భయంతో తప్పు చేసినవాణ్ణి క్షమించవచ్చు, క్షమించాలి కూడా. కానీ ఈ భయం ఎంత నిజమో ఒక్కసారి చూడాలి. 1942 జులై 13న జర్మన్ ఆక్రమిత పోలండ్‌లోని యూజెఫూవ్ అనే ఊరికి రిజర్వ్ పోలీస్ బెటాలియన్ 101ని తీసుకెళ్ళారు. దాదాపు 500 మంది. నడివయసు వాళ్ళే ఎక్కువ, హాంబర్గ్ నుంచి వచ్చిన సంసారులు. ఊళ్ళోని యూదుల్లో పనికొచ్చే మగవాళ్ళను వేరుచేసి, మిగిలిన ఆడవాళ్ళనూ పిల్లలనూ ముసలివాళ్ళనూ కాల్చెయ్యాలి. మేజర్ ట్రాప్ ఆ పని వివరిస్తూ తనే కంటతడి పెట్టాడు. తర్వాత ఒక మాట అన్నాడు: పెద్ద వయసు వాళ్ళలో ఎవరైనా ఈ పని చెయ్యలేమనుకుంటే పక్కకు రావచ్చు. అప్పటికప్పుడు బయటికొచ్చినవాళ్ళు డజను మంది. వాళ్ళనెవరూ కాల్చలేదు, జైల్లో పెట్టలేదు. వేరే పని అప్పజెప్పారు. పని మొదలయ్యాక మధ్యలో తప్పుకున్నవాళ్ళు ఇంకొందరున్నారు, మిగతావాళ్ళు సాయంత్రం దాకా ఆ పని చేశారు. ఆ ఒక్క రోజే దాదాపు 1500 మందిని చంపారు.

వాళ్ళు పోలీసులే, సైనికులు కారు. అయినా ఈ ఘటన దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను. ప్రాణభయం లేదు, దారి తెరిచే ఉంది, పై అధికారే తెరిచాడు. అయినా కదల్లేదు. ఎందుకు? పక్కవాడేమనుకుంటాడో, పిరికివాడంటాడేమో, చాకిరీ వాడి మీద వదిలేసి తప్పుకున్నట్టవుతుందేమో అన్న మొహమాటం. మొహమాటానికి మనుషుల్ని చంపుతారా అనుకుంటాం, కానీ చంపారు. ట్రాప్ ఏడుపుకి నా దగ్గర విలువ లేదు. ఏడ్చినవాడు ఆజ్ఞ రద్దు చెయ్యలేదు.

ఇంతవరకూ నిరాయుధుల మీద కాల్పుల గురించే మాట్లాడాను, అది తేలికైన కేసు. చేతుల్లో ఆయుధాలున్న శత్రువుతో, యుద్ధ నియమాలు పాటిస్తూనే, అన్యాయమైన లక్ష్యం కోసం పోరాడిన వాడి సంగతేంటి? కష్టమైన ప్రశ్న ఇదే.

బాబాయ్ వాళ్ళింట్లో స్టీలు బీరువా లాకర్‌లో వాళ్ళ తాతగారి బర్మా స్టార్ ఉంది, రెండో ప్రపంచయుద్ధంలో బర్మా రంగంలో పనిచేసినవాళ్ళకు ఇచ్చిన పతకం. ఆరు మొనల నక్షత్రం, మధ్యలో రాజుగారి కిరీటం. తెలుగునాట ఇలాంటి పతకాలున్న ఇళ్ళు తక్కువేం కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికైతే రెండు ప్రపంచయుద్ధాలకూ పంపిన కొడుకుల వల్ల మిలిటరీ మాధవరం అనే పేరే స్థిరపడింది. 1939 సెప్టెంబరులో వైస్రాయ్ లిన్‌లిత్‌గో మనల్ని ఒక్క ముక్క అడక్కుండా భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించేశాడు. అయినా జపాన్ సైన్యాన్ని ఇంఫాల్ దగ్గర ఆపడం అన్యాయమని నేననలేను. ఆ నక్షత్రానికి ఆ ఇంట్లో ఉన్న గౌరవం నాకు అర్థమవుతుంది.

కానీ 1944లో ఇంఫాల్ దగ్గర పోరాడిన డివిజన్లలో కొన్నిటిని 1945 చివర్లో ఓడలెక్కించి ఎక్కడికి తోలారో మన పుస్తకాలు చెప్పవు. 20వ ఇండియన్ డివిజన్‌ని సైగాన్‌కి పంపారు, వియత్నాంలో మళ్ళీ ఫ్రెంచివాళ్ళను కుర్చీ ఎక్కించే పనికి. 23వ డివిజన్, ఆ వెనకే 5వ డివిజన్ జావాకు వెళ్ళాయి. ఇండొనేషియా 1945 ఆగస్టు 17నే స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. డచ్చివాళ్ళు తిరిగి రావడానికి చోటు చేసిపెట్టింది మన జవాన్లు. నవంబర్ 10న సురబాయ నగరం మీద దాడి జరిగింది. ఇండొనేషియన్లు ఇప్పటికీ ఆ తేదీని వీరుల దినంగా జరుపుకుంటారు. ఆ వీరులకు ఎదురుగా నిలబడి కాల్చినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. ఇక్కడ కాంగ్రెస్ గట్టిగా అభ్యంతరం చెప్పింది, నెహ్రూ మండిపడ్డాడు. వినేదెవరు?

అదే మనిషి, అదే యూనిఫాం, అదే బయొనెట్. ఏడాది కిందట న్యాయమైన యుద్ధం, ఇప్పుడు ఇంకో బానిస దేశం మెడ మీద కాలు. ధైర్యం రెండుచోట్లా ఒక్కటే. సహచరుణ్ణి భుజాన మోసుకొచ్చిన తెగువ రెండుచోట్లా నిజమే. గౌరవం అంటే ఈ ధైర్యమే అయితే ఇంఫాల్‌కీ సురబాయకీ తేడా లేదు, ఆ లెక్కన దారిదోపిడీ దొంగ ధైర్యానికీ నమస్కారం పెట్టాలి. కాబట్టి ధైర్యాన్ని దానికదిగా గౌరవం అనలేం. పని ఏమిటన్నది చూడాల్సిందే.

మరి సురబాయలో జవానుకి ఏం దారి ఉంది? కొందరు చూపించారు. తుపాకీతో సహా వెళ్ళి ఇండొనేషియన్ల పక్షాన చేరిపోయారు. వాళ్ళందరూ ఆదర్శంతోనే వెళ్ళారని నేను చెప్పను. అలసట, మతం, అక్కడి మనుషులతో స్నేహం, అన్నీ కలిసి ఉంటాయి. చంద్రసింగ్‌లా పర్యవసానం మీద వేసుకున్నవాళ్ళే, అయినా వీళ్ళు మనకు అక్కర్లేకుండా పోయారు. మిగిలిన వేలమందిని తప్పుపట్టాలా? జవానుని చాలా కొద్దిగా. బ్రిగేడియర్‌ని ఎక్కువగా. లండన్‌లో ఫైలు మీద సంతకం పెట్టినవాణ్ణి పూర్తిగా. ఎవడి చేతిలో ఎంత నిర్ణయం ఉందో వాడికి అంత బాధ్యత. గౌరవం కూడా అక్కడే, మిగిలిన ఆ కాస్త నిర్ణయంతో ఏం చేశాడన్న చోటే.

ఇది ఎక్కడో కూర్చుని అల్లిన సిద్ధాంతమేమీ కాదు. మన మన్యంలో అల్లూరి సీతారామరాజు దీన్ని ఆచరణలో పెట్టాడు. 1922 సెప్టెంబర్ 24న దామనపల్లి కనుమలో పోలీసు పటాలం వస్తుంటే, ముందు నడుస్తున్న మన పోలీసుల్ని పోనిచ్చారు. వెనక వచ్చిన తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను కాల్చారు. ఇందులో ఎత్తుగడ కూడా ఉంది, ఒప్పుకుంటాను. పోలీసుల్లో సానుభూతి పెరిగితే ఉద్యమానికి లాభం. అయినా కొండమీద, ఆవేశంలో, ప్రాణాలు పణంగా పెట్టిన మనుషులు కూలికొచ్చినవాణ్ణీ నడిపిస్తున్నవాణ్ణీ వేరుచేసి చూశారు. ప్రాణం వదిలేశారు గానీ ఆ పోలీసులకు దండ వెయ్యలేదు.

అన్యాయమైన యుద్ధంలో ఉంటూనే గౌరవం నిలుపుకున్నవాళ్ళు లేరా అంటే ఉన్నారు. 1968 మార్చి 16న వియత్నాంలోని మైలై దగ్గర అమెరికన్ సైనికులు నిరాయుధులైన ఊరివాళ్ళను చంపుతుంటే, అమెరికన్ హెలికాప్టర్ పైలట్ హ్యూ థాంప్సన్ ఊరివాళ్ళకీ సొంత సైనికులకీ మధ్య హెలికాప్టర్ దింపాడు. మనవాళ్ళు ఊరివాళ్ళ మీద కాల్పులు మొదలుపెడితే మనవాళ్ళనే కాల్చండని తన సిబ్బందికి చెప్పాడు. ఆయన యుద్ధాన్ని వదిలి వెళ్ళలేదు, ఆ తర్వాతా పైలట్‌గానే ఉన్నాడు. సొంత దేశంలో ఏళ్ళ తరబడి ద్రోహి అనిపించుకున్నాడు. ఆ పనికి సోల్జర్స్ మెడల్ 1998లో గానీ ఇవ్వలేదు. యుద్ధం మొత్తం తప్పని ఆయన ఆ రోజు తేల్చాడో లేదో నాకు అనవసరం. తన కళ్ళముందున్న ముక్క తేల్చాడు.

"అయితే మిగిలినవాళ్ళ కుటుంబాలను అవమానిస్తావా?" అని బాబాయ్ చివరికి అడిగారు. అవమానించను. సురబాయలో చనిపోయిన జవాను భార్యకు పింఛను అందాల్సిందే, సమాధి మీద పేరు ఉండాల్సిందే, ఫొటోకి ఇంట్లోవాళ్ళు దండ వేసుకుంటే కాదనే హక్కు ఎవరికీ లేదు. నేను వద్దనేది కూడలిలో విగ్రహం, బళ్ళో పాఠం. ఆ స్థలం ఉంటే చంద్రసింగ్‌కి ఇవ్వమంటాను. 1994లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు వేసింది, అప్పటికి ఆయన పోయి దాదాపు పదిహేనేళ్ళు. ఆయన పాఠం రిక్రూట్ల శిక్షణలో చెప్తే బాగుంటుందన్నాను. బాబాయ్ ఒప్పుకోలేదు. "మంచివాడే అయ్యుంటాడు. నా కంపెనీలో మాత్రం వద్దు" అన్నారు.